గూడబాతుల లంకకు దారి

అనగనగా కొండల నడుమ ఒక అడవి. ఆ అడవి అంచున, అవతలి ఒడ్డు కనిపించనంత పెద్ద సరస్సు. కొండ మీంచి దూకిన ఏరు వచ్చి ఆ సరస్సులో కలిసేది. వానలు వెనకబట్టి చలి మొదలైతే చాలు, ఎక్కడెక్కడి జంతువులో ఆ చోటు చూడటానికి బయలుదేరి వచ్చేవి.

వచ్చినవాళ్ళకి అన్నీ తిప్పి చూపించేది సుడి అనే నీటికుక్క. ముందు ఏరు దూకే చోటికి తీసుకెళ్ళేది. తుంపర మొహాన పడుతుంటే కుందేళ్ళు కళ్ళు మూసుకునేవి. తర్వాత తామర మడుగు. ఆకుల మీద పిట్టలు నడిచిపోతుంటే ఎలుగు పిల్లలు నోరు తెరుచుకుని చూసేవి. మూడోది గూడబాతుల లంక. దాన్ని మాత్రం ఒడ్డు నుంచే చూపించేది.

ఆ లంక మీద చెట్లు లేవు. గూడబాతులు తుంగలోనే, నేల మీదే గూళ్ళు కట్టుకునేవి. చుట్టూ లోతు నీళ్ళు, ఊబి. అయితే నీటి కింద ఒక ఇసుక మేట ఉంది. దాని వంపులు తెలిసి నడిస్తే మోకాటి లోతులో లంక చేరవచ్చు. ఆ వంపులు సుడికి ఒక్కదానికే తెలుసు. గూడబాతుల పెద్దక్క తెల్లమ్మ ఏటా గుడ్లు పెట్టే ముందు సుడిని పిలిచి ఒక్క మాట అడిగేది.

"మా పిల్లలు ఎగిరేదాకా ఆ దారి నీ కడుపులోనే ఉంచుకో, సుడీ."

"అలాగే అక్కా," అనేది సుడి. ఏనాడూ మాట తప్పలేదు.

ఒక ఏడు కొండ అవతల నుంచి ముసలి దుప్పి ఒకడు కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఈ లంక గురించి కథలు కథలుగా చెప్పేదట. ఒడ్డున నిలబడి చాలాసేపు చూశాడు. చూపు మందగించింది కదా, ఆయనకు తెల్లటి మసక తప్ప ఏమీ కనబడలేదు.

"మీ అందరికీ కనిపిస్తున్నాయా?" అని పక్కవాళ్ళని మెల్లగా అడిగాడు.

సుడి మనసు కరిగిపోయింది. వచ్చే ఏడు, గూడబాతులు గుడ్లు పెట్టకముందే రమ్మని, అప్పుడు దగ్గరికి తీసుకెళ్తానని చెప్పింది.

"వచ్చే ఏటికి నేనుండను, తల్లీ," అన్నాడు దుప్పి తాత. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు.

తెల్లమ్మను అడిగి చూద్దామనుకుంది సుడి. అడిగితే కాదంటుందని తెలుసు. అందుకే అడగలేదు. "నా వెనకే అడుగులో అడుగు వేసి రా తాతా," అంటూ నీళ్ళలో దిగింది. తాత వెనక ఎలుగు తల్లి, పిల్లలూ దిగారు. అందరికంటే వెనక, వచ్చినప్పటి నుంచీ నోరు విప్పని బక్కనక్క ఒకటి దిగింది. తాత ఒక్కడే రావాలని చెబుదామనుకుంది సుడి. కానీ మొహమాటం అడ్డొచ్చింది.

అందరూ తుంగ అంచున చప్పుడు చెయ్యకుండా నిలబడ్డారు. ఈకలు రాని పిల్లలు తల్లుల గొంతు సంచుల్లో తలలు దూర్చి చేపలు తింటున్నాయి. దుప్పి తాత కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తెల్లమ్మ సుడిని చూసింది. పిల్లల మీద రెక్క కప్పింది. వచ్చినవాళ్ళు ఎంత నెమ్మదిగా వచ్చారో అంత నెమ్మదిగా వెళ్ళిపోయారు. ఏ హానీ జరగలేదని సుడి తృప్తి పడింది.

కొన్నాళ్ళకు, ఒక మిట్టమధ్యాహ్నం పెద్ద గూడబాతులన్నీ చేపల కోసం ఏటి వైపు వెళ్ళాయి. సుడి తామర మడుగు దగ్గర ఎవరికో పువ్వులు చూపిస్తోంది. లంక మీంచి కేకలు వినిపించాయి. చేతనైనంత వేగంగా ఈదింది. ఇసుక మేట మీద నక్కల మంద తిరిగి వస్తోంది. ముందు నడుస్తున్న బక్కనక్క ఒక్క వంపు కూడా తప్పలేదు. లంక మీద ఒక్క గూడూ మిగలలేదు.

తెల్లమ్మ ఒడ్డున వాలింది. దారి ఎవరు చూపించారని అడిగింది.

"నేనే, అక్కా. పాపం ఆ ముసలాయన కోసం..."

"ముసలాయన్ని నేనేమీ అనను," అంది తెల్లమ్మ. "అది నీ దారైతే ఎవరికైనా ఇచ్చుకునేదానివి. అది నీది కాదు, సుడీ. నిన్ను నమ్మి నీ దగ్గర దాచుకున్నది."

పొద్దు వాలకముందే గూడబాతులన్నీ లేచి, ఒకసారి లంక చుట్టూ తిరిగి, దక్షిణం దిక్కుగా వెళ్ళిపోయాయి.

తర్వాత ఒక లకుముకి పిట్ట కబురు తెచ్చింది. దుప్పి తాత పోయాడట. తన జన్మలో అంత అందమైనది చూడలేదని, చూపించిన తల్లి చల్లగా ఉండాలని దీవించి పోయాడట. సుడి ఆ దీవెన విన్నది. వింటూ ఖాళీ లంక వైపు చూడలేక తల దించుకుంది.

మర్నాటి నుంచి అది ఇసుక మేటను తవ్వడం మొదలుపెట్టింది. గోళ్ళు అరిగి నెత్తురు వచ్చేది. అయినా ఆపలేదు. వరద వచ్చి, తవ్విన చోటల్లా ఇసుకను కోసుకుపోయింది. అక్కడ ఇప్పుడు ఏనుగు దిగినా మునుగుతుంది. చలికాలంలో చూడవచ్చినవాళ్ళు గూడబాతులేవని అడిగితే, నా వల్లే పోయాయని సుడి చెప్పేది.

చాలా ఏళ్ళకు ఒక గూడబాతుల గుంపు లంక మీద వాలింది. సుడి ఆశగా వెతికింది. వాటిలో తెల్లమ్మ లేదు. ఒక పడుచు పక్షి దాని దగ్గరికి ఈదుకుంటూ వచ్చి, ఇక్కడికి నడిచి వచ్చే దారేమైనా ఉందా అని అడిగింది.

"ఉండేది. తవ్వేశాను."

"ఎందుకు?"

సుడి ఏదీ దాచకుండా, తన తప్పు తగ్గించకుండా, అంతా చెప్పింది. ఆ పక్షి గూటి కోసం ఒక తుంగ పరక తెంపి, ముక్కున కరుచుకుని, లంక వైపు వెళ్ళింది.

నీతి: నమ్మి మన దగ్గర దాచినదాన్ని, అడిగినవాళ్ళు ఎంత మంచివాళ్ళైనా, జాలికో మొహమాటానికో ఇచ్చెయ్యకూడదు.