పేరు పిలవని ఉడుపులు

పడమటి సముద్రం ఒడ్డున గలీసియా అనే వానల సీమను ఒకానొకప్పుడు అర్షెమీరో అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు గానీ, తన భాష అచ్చమైన లాటిన్ బిడ్డ అన్న గర్వం మాత్రం ఆయనకు బాగా తలకెక్కింది.

ఆయన కొలువులో ఒక ఆచారం ఉండేది. రోజూ ఉదయం రాజు సామంతుల ఎదుటే ఉడుపులు ధరించేవాడు. ఒక్కొక్క దాని పేరూ ఉడుపుల అధికారి బిగ్గరగా పిలవాలి. లోచొక్కా తప్ప, పేరు పిలవనిది ఏదీ రాజు ఒంటికి తగలకూడదు. ఆఖరున రాజు పేరు పిలిస్తే కొలువు మొదలైనట్టు.

ఆ అధికారి పేరు బ్రాయిస్. మాట నెమ్మది, బుర్ర చురుకు.

ఒకనాడు రాజు చాటింపు వేయించాడు. "పూర్వం ఉత్తరాది గుర్రపు దండు మన నేలను దోచుకుంది. వాళ్ల మాట గానీ, వాళ్ల వంశపు మనిషి గానీ రేపటి కొలువు మొదలయ్యాక ఈ రాజ్యంలో ఉండరాదు."

కొండమీది ముప్పై ఇళ్ల నేతగాళ్లు ఆ దండువాళ్ల సంతతే. బ్రాయిస్ భార్య అల్దారా పుట్టిల్లు కూడా అక్కడే. అవి మంచు కురిసే రోజులు.

"కనుమ దాటేలోపు మా అమ్మ బతకదండీ" అంది ఆమె, తల్లికోసం ఉన్ని దుప్పట్లు మూటగడుతూ.

బ్రాయిస్ తిన్నగా ఆస్థాన పండితుడు మార్సియాల్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. పాత మాటల పుట్టుక ఒక్కొక్కటే అడిగాడు. విన్న ప్రతి మాటనూ మనసులో పెట్టుకున్నాడు.

తెల్లవారింది. రాజు పలుచని లోచొక్కాతో చేతులు చాచి నిలబడ్డాడు. బ్రాయిస్ ఉడుపుల పెట్టె ముందు నోరు మెదపకుండా నిలుచున్నాడు.

"చలేస్తోంది. పిలవవేం?"

"ప్రభూ, ఇందులోవన్నీ రౌపా. ఆ మాట ఉత్తరాదిది."

రాజు పండితుడి వైపు చూశాడు. పండితుడు తలవంచుకుని, "నిజమే ప్రభూ. దోచుకొచ్చిన సొత్తుకు వాళ్లు పెట్టుకున్న పేరు. రానురాను మనకు కట్టుబట్టల పేరైంది" అన్నాడు.

"పోనీ, చేతి తొడుగులు?"

"లూవా. వాళ్ల భాషలో అరచేయి" అన్నాడు బ్రాయిస్.

"నడుముకు కట్టే కుచ్చిళ్లు?"

"ఫ్రాల్దా. వాళ్లు మడతకు చెప్పుకున్న మాట."

సామంతులు నవ్వు ఆపుకోలేక మీసాలు తడుముకున్నారు. రాజుకు పళ్లు టకటకలాడాయి. "చాలు. నా పేరు పిలువు, కొలువు మొదలుపెడదాం."

బ్రాయిస్ మోకరిల్లాడు. "అదీ నా వల్ల కాదు ప్రభూ. అర్షెమీరో అంటే దండులో పేరుగన్నవాడని అర్థమట. ఆ పేరు కూడా వాళ్ల గుర్రం మీదే వచ్చింది. కొలువు మొదలైతే ముందు ఏలినవారినే పొలిమేర దాటించాలి. ఏ గుర్రానికి జీను వేయమంటారు?"

రాజు పెట్టెలోకి తొంగిచూశాడు.

"వాళ్ల కోటలేవి మార్సియాల్? కత్తులేవి?" అన్నాడు చివరికి.

"ఒక్కటీ మిగల్లేదు ప్రభూ."

"దోపిడీకి పెట్టుకున్న మాట..." అన్నాడు రాజు. "చిన్నప్పుడు జ్వరమొస్తే, రౌపా కప్పుకో నాయనా అనేది మా అమ్మ. దోచుకోవడానికి వచ్చినవాళ్లు ఇంత వెచ్చని మాట ఇచ్చిపోయారు. నాకెంత ఆశ్చర్యంగా ఉందో చెప్పలేను."

అంతలోనే ఆయనకు గట్టిగా తుమ్ము వచ్చింది. దాంతో నవ్వూ వచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చాటింపు రద్దు. ఇక పిలువు బ్రాయిస్, గడ్డకట్టి చచ్చేలా ఉన్నాను."

బ్రాయిస్ గొంతెత్తి పిలిచాడు. ఉడుపులన్నీ ధరించాక రాజు తన తొడుగులు తీసి అతని చేతిలో పెట్టాడు. "ఇవి నీకు. పేరు పిలిచి మరీ తొడుక్కో."

ఆ మధ్యాహ్నం బ్రాయిస్ ఇంటికి వచ్చేసరికి అల్దారా ఆ కబురు విని మూట విప్పి, దుప్పట్లు మళ్లీ మడతపెడుతోంది. కొండమీది ముప్పై ఇళ్లలోనూ పొయ్యిలు వెలుగుతున్నాయి.