గుంటల వీధి

అనగనగా ఒక పట్నం. ఆ పట్నంలో గుట్ట మీదికి నిచ్చెన వేసినట్టు ఒక ఎత్తు వీధి. వీధిలో నలభై ఇళ్ళు. మన కథకి మాత్రం నాలుగు చాలు. ఊఁ కొట్టు మరి, కొట్టకపోతే ఆపేస్తా.

ఆ వీధికి నీళ్ళు వదిలేవాడు ముత్యాలయ్య. వీధి మొదట్లో, గుట్ట కింద, భూమిలో ఒక వాల్వు ఉంది. ఇనప కడ్డీ దూర్చి తిప్పితే నీళ్ళొస్తాయి, వెనక్కి తిప్పితే ఆగిపోతాయి. రోజు విడిచి రోజు, తెల్లారాక ఒక గంట. అదీ వాళ్ళ వంతు.

గంటసేపు నీళ్ళంటే అందరికీ ఆత్రమే కదా. అప్పుడు మొదటింటి రత్తాలు ఒక ఉపాయం చేసింది. ఇంటి ముందు మోకాలి లోతు గుంట తవ్వి, కుళాయి పీకేసి, గొట్టాన్ని గుంటలోకి దించింది. పల్లంలోకి నీళ్ళు బాగా దిగాయి. అది చూసి రెండో ఇంటి విశాలాక్షమ్మ నడుం లోతు తవ్వించింది. అది చూసి ఇంకా పైన ఉండే బ్రహ్మాజీ గారు ఏకంగా మనిషి లోతు తవ్వించి, దిగడానికి మూడు మెట్లు కూడా కట్టించుకున్నాడు.

ఆ తర్వాత వీధి వీధంతా గుంటలే. ఎవరి గొట్టానికీ కుళాయి లేదు, మూత లేదు. గుంటలోనే అంట్లు తోమడం, గుంటలోనే బట్టలు పిండడం, గుంటలోనే మొహం కడగడం. ఆ మురికంతా గొట్టం మూతి చుట్టూ నిలిచి ఉండేది. పట్నంలో ఉన్నవాళ్ళకి పాతాళం మీద మోజు పుట్టింది, ఏం చెప్పమంటావు.

ముత్యాలయ్య ఇల్లు అన్నిటికన్నా పైన, చిట్టచివర. ఆ ఇంట్లో ఆయన మనవరాలు హారిక ఉంది, అచ్చం నీ అంత పిల్ల. వానాకాలంలో ఆ పిల్లకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఒకసారి తగ్గాయి, మళ్ళీ వచ్చాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్ల కళ్ళు చూసి, చర్మం లాగి చూసి, "నీళ్ళు బాగుచేసుకోండి తాతా. మూడోసారి తెస్తే నేనేమీ చెప్పలేను" అంది.

ఆ మాట ముత్యాలయ్య గుండెలో ముల్లయి కూర్చుంది. ఆయనకి సంగతి తెలుసు. వాల్వు కట్టేయగానే ఖాళీ అయిన గొట్టం ఊపిరి పీల్చినట్టు గుంటల్లో మురికిని లోపలికి పీలుస్తుంది. మళ్ళీ వంతుకి ఆ మురికే అందరి బిందెల్లోకీ వస్తుంది. వానలు ముదిరితే గుంటలు కాలవల్లా నిండుతాయి. ఆ లోపల పూడ్చాలి.

అప్పుడు ఆయన రత్తాలు ఇంటికి వెళ్ళి, పిల్ల జబ్బు సంగతి చెప్పి, గుంట పూడ్చమన్నాడు.

"నాది పూడిస్తే నా నీళ్ళు విశాలాక్షమ్మ గారి గుంటలోకి పోతాయి మామా. ముందు ఆవిడ్ని పూడ్చమను" అంది రత్తాలు.

ఆ తర్వాత విశాలాక్షమ్మ ఇంటికి వెళ్ళాడు.

"నాదీ ఒక గుంటేనా ముత్యాలయ్యా? బ్రహ్మాజీ గారిది చూడు, మెట్లబావి. ముందు ఆయన్ని పూడ్చమను."

ఆ తర్వాత బ్రహ్మాజీ గారింటికి వెళ్ళాడు. ఆయన పేపరు మడిచి, కళ్ళజోడు పైకి తోసి, "ముందు మీ ఇంటి ముందున్న గుంట సంగతేమిటోయ్?" అన్నాడు.

ముత్యాలయ్యకీ ఒక గుంట ఉందా అంటావా? ఉంది మరి. ఆయన పొద్దున్నే వాల్వు దగ్గర ఉంటే, ఇక్కడ ఆయన భార్య నూకాలమ్మ తన తిప్పలు తాను పడి ఎప్పుడో తవ్వుకుంది.

ఆ మధ్యాహ్నమే గునపం పట్టుకుని తన గుంట తానే పూడ్చేశాడు. గొట్టం పైకి లేపి కుళాయి బిగించాడు. కింద అందరూ గుంటల్లో లాగేసుకుంటుంటే పైనున్న కుళాయికి నీళ్ళెలా వస్తాయి? ఒక్క చుక్క రాలేదు.

"ఊరికంతా నీళ్ళు వదిలే మొగుణ్ణి కట్టుకుని నేను బిందెతో ఇల్లిల్లూ తిరగాలా?" అంది నూకాలమ్మ. బిందె ఆయన ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ముత్యాలయ్య మొండిఘటం. చెప్తే వినని వాళ్ళకి చూపించాలనుకున్నాడు. అప్పుడు ఒక వంతు రోజు, రత్తాలు బిందె మోసుకుని లోపలికి వెళ్ళిన సమయం చూసి, ఆమె గుంటలో పిడికెడు పసుపు కలిపి వాల్వు కట్టేశాడు. గొట్టం గుటగుటా తాగేసింది.

మళ్ళీ వంతుకి విశాలాక్షమ్మ గొట్టంలోంచి పచ్చటి నీళ్ళొచ్చాయి. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు చెప్తానని ముత్యాలయ్య ఎదురుచూశాడు. ఆవిడ అడిగితేనా? "అమ్మవారు మన వీధికి వచ్చింది" అని గొట్టానికి బొట్టు పెట్టి హారతిచ్చింది. చుట్టుపక్కల వాళ్ళు చెంబులతో వచ్చి ఆ నీళ్ళు కళ్ళకద్దుకుని తాగారు. ముత్యాలయ్య తల పట్టుకున్నాడు.

ఆ తర్వాతి వంతుకి కాకరకాయలు దంచి, ఆ రసం మళ్ళీ రత్తాలు గుంటలోనే కలిపాడు. చేదుకి ఎవరూ మొక్కరు కదా అని ఆయన ధైర్యం. మొక్కలేదు, నిజమే. బ్రహ్మాజీ గారు ఒక గుక్క తాగి చప్పరించి, "షుగరుకి ఇంతకన్నా మందు లేదు. మునిసిపాలిటీ వాళ్ళకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది" అని సీసాలు నింపుకున్నాడు. వీధిలో షుగరున్న వాళ్ళంతా ఆయన వెనక వరస కట్టారు.

ముత్యాలయ్య వాల్వు పక్కనే కూలబడ్డాడు. ఆకాశంలో నల్ల మబ్బులు. ఇంట్లో హారిక. ఈ జనానికి ఇంకేం కలిపి పొయ్యాలి?

మూడో వంతు వచ్చింది. అప్పుడు ముత్యాలయ్య ఏమీ కలపలేదు. వాల్వూ తిప్పలేదు. కడ్డీ భుజాన పెట్టుకుని మొదటింటి ముందు నిలబడ్డాడు. రత్తాలు గుంట అంచున గొంతుక్కూర్చుని ఎర్ర పళ్ళపొడితో పళ్ళు తోముకుంటోంది. పుక్కిలించి గుంటలోకి ఉమ్మింది. బ్రహ్మాజీ గారు పేపరు కోసం కిందికి దిగి వస్తున్నాడు. విశాలాక్షమ్మ ఖాళీ బిందెతో వచ్చి, "ఇంకా వదల్లేదేం?" అని అడిగింది.

"వదులుతానమ్మా. మొన్న మీకొచ్చిన పసుపు అమ్మవారిది కాదు, మా వంటింటిది. నేనే కలిపాను."

"నా గుంటలోనా?"

"కాదు. రత్తాలు గుంటలో."

"రత్తాలు గుంటలో కలిపితే నా బిందెలోకి ఎలా వస్తుందయ్యా?"

"గొట్టం పీల్చి తెచ్చి ఇస్తుంది. పసుపు ఒక్కటే కాదు, అక్కడేముంటే అది తెస్తుంది."

రత్తాలు మళ్ళీ పుక్కిలించి ఉమ్మింది. విశాలాక్షమ్మ ఆ ఎర్రటి నురగ వంక చూసింది. ఎవరామె అనుకున్నావు? గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునే మనిషి. సొంత మనవడు కొరికిన జామకాయ కూడా ముట్టని మనిషి.

"అయితే ఇన్నాళ్ళూ నేను..." అని ఆగిపోయింది.

"ఎంగిలే తాగారమ్మా. గుంట తవ్విన నాటినుంచీ" అన్నాడు ముత్యాలయ్య.

బ్రహ్మాజీ గారు కిసుక్కున నవ్వాడు.

"మీరు నవ్వకండి బాబూ. ఆవిడకి ఒక్క ఇంటిదే. మీకు కిందనున్న ఇరవై ఇళ్ళదీ."

ఆయన నవ్వు ఆగిపోయింది. రత్తాలు మాత్రం ధీమాగా, "నాది మొదటిల్లు, నాకెవరిదీ రాదు" అంది.

"గొట్టానికి ముందూ వెనకా తెలియదు రత్తాలూ. వాల్వు కట్టేస్తే పైవాళ్ళదంతా పల్లానికి జారి నీ దగ్గరికే చేరుతుంది. నీకు వీధి మొత్తానిదీ."

రత్తాలు చేతిలో పళ్ళపొడి పొట్లం జారిపోయింది.

"నీమీద కంప్లయింటు పెడతాను" అన్నాడు బ్రహ్మాజీ గారు.

"పెట్టండి. ఏమని రాస్తారు? ఇరవై ఇళ్ళ ఎంగిలి మందనుకుని సీసాల్లో దాచుకున్నానని రాస్తారా?"

అంతే. జబ్బుకి బెదరని వీధి ఎంగిలికి బెదిరింది. పిల్ల చచ్చి బతికిందంటే గడప దిగని వాళ్ళు, గునపాలూ తట్టలూ పట్టుకుని పరుగెత్తారు. నువ్వు ముందంటే నువ్వు ముందన్న వాళ్ళు, నాది ముందంటే నాది ముందని పూడ్చారు. బ్రహ్మాజీ గారి మూడు మెట్లూ మట్టిలో కలిసిపోయాయి. ప్రతి గొట్టమూ నడుమెత్తుకి లేచింది, ప్రతి గొట్టానికీ కుళాయి వచ్చింది. వాడిన నీళ్ళు కాలవకి పోయేలా అందరూ వాలు చేసుకున్నారు. ముత్యాలయ్య ఇల్లిల్లూ తిరిగి మరలు బిగించి, గొట్టాలు కడిగించేందుకు ఒక వంతు నీళ్ళు ఊరికే పోనిచ్చాడు.

ఆ తర్వాతి వంతుకి వాల్వు తిప్పాడు. గుంటలు లేవు కదా, నీళ్ళు ఎక్కడా కూలబడకుండా పైకి ఎక్కాయి. ఎక్కి ఎక్కి, చిట్టచివరింటి కుళాయిలోంచి దూకాయి. నూకాలమ్మ బిందె నిండింది. ఆమె రెండో బిందె తెచ్చి పెట్టింది.

"ఈ ఎంగిలి ముక్క మొదటే చెప్పుంటే పోయేది కదోయ్" అన్నాడు బ్రహ్మాజీ గారు.

ముత్యాలయ్య కడ్డీ భుజాన వేసుకున్నాడు. ఇంటికి వెళ్ళిపోయాడు.

అప్పుడు వానలు పట్టుకున్నాయి. ఒక రోజు కురిసింది. హారిక నుదురు తాకి చూశాడు తాత. రెండో రోజు కురిసింది. పిల్ల పొట్ట నిమిరి చూశాడు. మూడో రోజు కుండపోత. ముత్యాలయ్య పిల్ల పక్కనుంచి లేవలేదు.

హారిక కళ్ళు తెరిచి, "తాతా" అంది.

ఆయన గబుక్కున వంగాడు. "ఏమ్మా, కడుపులో తిప్పుతోందా?"

"కాదు. ఆకలేస్తోంది. పప్పన్నం పెట్టు."

పెట్టాడు. మూడు ముద్దలు తింది, నాలుగోది కూడా అడిగింది. అంత మొండి మనిషీ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

గుంటకి మట్టి, గొట్టానికి కుళాయి,
బిందెకి నీళ్ళు, బుజ్జికి లాలి జోలాలి.
కథ నడిచింది కంచికి,
మనం చేరాం మంచానికి.