పోలయ్య ఎద్దు ఎగిరే కంపెనీ

“ఎలుకకైనా ఏనుగుకైనా ఆకాశం ఒక్కటే. టికెట్టు చేతబట్టుకున్న ప్రాణి ఏదీ ఇక ఈ ఒడ్డున మిగిలిపోదు. ఇది నా మాట.”

జ్యేష్ఠ మాసంలో, ఏటికి కొత్తనీరు రాకముందు, పొగడలంక రేవులో తుమ్మమొద్దు ఎక్కి గూడబాతు గుర్నాథం అన్న మాటలివి. భాద్రపదం వచ్చేసరికి అదే మొద్దు కింద నలభై ప్రాణులు టికెట్లు చేతబట్టుకుని కూర్చున్నాయి. గుర్నాథం మాట మాత్రం ఎగిరిపోయింది. ఆ రోజు లంక నుంచి ఎగిరింది అదొక్కటే.

పొగడలంక నది నడుమ ఉన్న దిబ్బ. వానాకాలం వస్తే నాలుగు నెలలు చుట్టూ వరదే. లంకలో ఉండే చిన్నప్రాణులకు చుట్టరికాలన్నీ అవతలి గట్టు మీదే. పూర్వం తాబేలు మామ వీపెక్కి దాటేవాళ్లు. పూట పట్టేది, తోక తడిసేది, అయినా దాటేవాళ్లు.

అప్పుడు గుర్నాథం వచ్చాడు. గూడబాతు ముక్కు కింద సంచి ఉంటుంది కదా, అందులో ఆరుగురిని కూర్చోబెట్టుకుని క్షణంలో గట్టు మీద దింపేవాడు. మొదటి నెల ఉచితం. రెండో నెల ఒక రొయ్య. ఇది చూసి కొంగ కామేశం ఊరుకుంటాడా? రేవుకి అటు చివర తాటిమొద్దు మీద తనూ దుకాణం పెట్టాడు. కొంగకి సంచి లేదు. ముక్కున గుడ్డ ఊయల వేలాడదీశాడు.

“మాది చుట్టూ కిటికీయే! గుర్నాథం సంచిలో చేపల కంపు తప్ప ఏం కనబడుతుంది?” అని అరిచేవాడు కామేశం.

“ఊయలలోంచి జారిపడితే నది కూడా బాగా కనబడుతుంది!” అని ఇటునుంచి గుర్నాథం.

లంక అంతా నవ్వింది. పోటీ ప్రజల నేస్తం అని ఉడతలు ఉపన్యాసాలిచ్చాయి. తాబేలు మామ బేరాల్లేక బురదలోకి దిగి నిద్రపోయాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఆయన్ను లేపి, ఎలా ఉన్నావని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. దున్నేవాడిదే భూమి అన్న నోళ్లే, ఎగిరేవాడిదే ఆకాశం అన్నప్పుడు చప్పట్లు కొట్టాయి. ఆకాశం ఎవడూ దున్నలేదు, ఎవడూ విత్తలేదు, అయినా దానికి ఇద్దరు కామందులు తయారయ్యారు.

తాబేలు బురదలోకి దిగిన మర్నాడే రేటు పదిహేను రొయ్యలైంది. రెండు మొద్దుల దగ్గరా ఒకే రేటు, ఒకే పూట. దీని వెనక ఒక నక్క ఉంది. దాని పేరు శేషాచలం. పొద్దున గుర్నాథానికి సలహాదారు, మధ్యాహ్నం కామేశానికి సలహాదారు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది అంటారు. ఇక్కడ పిట్టపోరుకి నక్క జీతం తీసుకుంది.

“రేటంటే రాయి కాదు దొరా, నీరు,” అని ఇద్దరికీ ఒకే పాఠం చెప్పాడు శేషాచలం. “ఎవడి గొంతు ఎంత ఎండిందో చూసి పొయ్యాలి. సంచిలో మూతి దగ్గర సీటుకి రెండు రొయ్యలు అదనం. ఊపిరాడే సీటుకి మూడు.”

“తోకలకి?” అన్నాడు గుర్నాథం.

“లోపల ముడుచుకుంటే ఉచితం. బయట వేలాడితే సామాను.”

“మరి కొత్తవాడెవడైనా పోటీకి దిగితే?”

“మొద్దు మీద రాయించండి: ‘ఎవరెంతకు తీసుకెళ్తే, దానికంటే ఒక రొయ్య తక్కువకు మేం తీసుకెళ్తాం. తప్పితే ఈ మొద్దు ఖాళీ చేస్తాం.’ అది చదివి ఏ వెర్రివాడు దిగుతాడు?”

రాయించాడు. తాటిమొద్దు మీద కామేశమూ అవే అక్షరాలు రాయించాడు. వాళ్లిద్దరి మధ్యా మాత్రం ఆ రాత పనిచేసేది కాదు. అది కొత్తవాడి కోసం కట్టిన దిష్టిబొమ్మ.

ఇప్పుడు చుంచెలుక మంగాయమ్మ సంగతి చెప్పాలి. గట్టు మీద ఆమె కూతురు కనకానికి తొలికాన్పు నెల ముందే వచ్చేసింది. కనకం నీరసంగా ఉందని కబురు. కాన్పైన పిల్లకి పుట్టింటివాళ్లు కాయం చేసి పెట్టాలి. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వెల్లుల్లి, బెల్లం కలిపి, నెయ్యి పోసి ముద్ద చేసి, చిప్ప నిండా పట్టుకుని మంగాయమ్మ రేవుకి వచ్చింది. ఇవాళ్టికి కనకానికి తొమ్మిదో రోజు. పదకొండో రోజు పురుడు. అప్పటికీ కాయం చేరకపోతే పిల్ల ఒంట్లో బలం ఎలాగూ చేరదు, పైగా వియ్యపురాలి మాటలు చేరతాయి.

టికెట్టు కొని ఆరు రోజులైంది. గుర్నాథం సంచిలో సీట్లు ఆరు, అమ్మిన టికెట్లు నలభై. మూడుసార్లు ఆమెను ఎక్కించుకుని దింపేశాడు.

“ఇవాళైనా ఎగురుతావా నాయనా?” అంది మంగాయమ్మ.

“గాలి బాలేదమ్మా.”

“నిన్న కుందేళ్ల గుంపు ముప్పై రొయ్యలిస్తే గాలి బాగుందే!”

“చూడమ్మా,” అన్నాడు గుర్నాథం ముక్కు పైకెత్తి. “ఎగరడం గాలి చేతిలో ఉంది. టికెట్టు అమ్మడం వరకే కంపెనీ పని. అయినా ఆ చిప్పేమిటి? కాయమా? ఘాటు సామానుకి అయిదు రొయ్యలు కట్టు.”

మంగాయమ్మ చిప్ప పట్టుకుని రేవు దిగువన కూలబడింది. అక్కడ గడ్డి నెమరేస్తున్నాడు ముసలి ఎద్దు పోలయ్య. పదిహేనేళ్లు నాగలి లాగి, మెడ కాయ కాసి, ఇప్పుడు లంకలో వదిలేస్తే బతుకుతున్నాడు. మాట తక్కువ. ఒక్క మాట అనాలన్నా నాలుగుసార్లు నెమరేసి అంటాడు.

“నేనే దాటించేవాణ్ణే తల్లీ,” అన్నాడు. “ఈ వరదలో దిగితే నేనూ ఉండను, నీ చిప్పా ఉండదు. ఇంతకీ ఆ గూడబాతు ఏమన్నాడు? మళ్లీ చెప్పు.”

“ఎగరడం గాలి చేతిలో ఉందట. టికెట్టు అమ్మడం వరకే కంపెనీ పనట.”

పోలయ్య నెమరు ఆపాడు.

“అయితే ఆ పని నేనూ చేయగలను,” అన్నాడు.

లంకలో ఎగిరే కంపెనీలకి లైసెన్సిచ్చేది నెమలి. ఆయన కచేరీ ఈతపొదల వెనక. పోలయ్య వెళ్లేసరికి నెమలిగారు నీటిమడుగులో తన పింఛం చూసుకుంటున్నారు.

“అయ్యగారూ, ఎగిరే కంపెనీ పెడతానండి. లైసెన్సు కావాలండి.”

“పేరు?” అన్నారు నెమలిగారు, తల తిప్పకుండా.

“పోలయ్యండి.”

“ముక్కు పొడవెంత?”

“మూతి జానెడుంటుందండి.”

“సరే. ఇవాళ నా పింఛం ఎలా ఉంది?”

“మబ్బులు సిగ్గుపడేలా ఉందండి.”

నెమలిగారు సంతోషించి, తామరాకు మీద కాలితో ముద్ర కొట్టి వెనక్కి విసిరారు. అడిగినవాడికి నాలుగు కాళ్లున్నాయని గాని, రెక్కలు రెండూ లేవని గాని ఆయన చూడలేదు. ప్రజల కోసం, ప్రజల చేత కట్టిన కచేరీ అది!

మర్నాడు పొద్దున పోలయ్య రేవు మధ్యన నిలబడ్డాడు. మెడలో తామరాకు. మంగాయమ్మ దండోరా వేసింది.

“వినండహో! పోలయ్యగారి ఎగిరే కంపెనీ! రేటు లేదు! ఎదురు మనకే ఇస్తారు! ఎగిరిన రోజున ఒక్కొక్కరికి పది రొయ్యలు!”

నలభై ప్రాణులూ ఒక్కసారి లేచాయి. ఎద్దు ఎగరదని ఆ నలభైకీ తెలుసు. కాని గుర్నాథం కూడా ఎగరడం లేదుగా! ఎగరని ఇద్దరిలో రొయ్యలిస్తాననేవాడే నయం. ఎద్దు వెనక వరస కట్టాయి. ఒక ముళ్లపంది తిరిగొచ్చి గుర్నాథం ముందు టికెట్టు పడేసింది.

“నా పదిహేను నాకిచ్చెయ్యి. పార్టీ మారాను.”

గుర్నాథం మొద్దు దిగి పరిగెత్తుకొచ్చాడు. “ఇది మోసం! ఏయ్ పోలయ్యా, నీకు రెక్కలేవి?”

“ఎగరడం గాలి చేతిలో ఉందటగా దొరా. టికెట్టు అమ్మడం వరకే కంపెనీ పని. అమ్ముతున్నాను.”

“లైసెన్సుందా?”

పోలయ్య మెడ వంచి తామరాకు చూపించాడు. ముద్ర చూసి గుర్నాథం సంచి వేలాడిపోయింది.

“దొరా,” అన్నాడు పోలయ్య నెమ్మదిగా, “నాకు చదువు రాదు. మీ మొద్దు మీద ఏం రాశారో కాస్త చదివి పెడతారా?”

జనం గొల్లున నవ్వారు. చదవక్కర్లేదు, అందరికీ నోటికొచ్చు: ఎవరికంటే అయినా ఒక రొయ్య తక్కువ, తప్పితే మొద్దు ఖాళీ.

శేషాచలం రొప్పుతూ వచ్చి గుర్నాథం చెవిలో ఊదాడు. “వెనక్కి తగ్గకండి దొరా! మొద్దు పోతే ఆకాశం పోయినట్టే. వాటా ముఖ్యం. ఇవాళ్టి నష్టం రేపటి పెట్టుబడి. పదకొండు ఇస్తాననండి. ఎద్దు బెదిరిపోతే రేపణ్ణించి ముప్పై గుంజుదాం.”

“పదకొండు!” అని అరిచాడు గుర్నాథం. “ఎక్కినవాడికి పదకొండు రొయ్యలు ఎదురిస్తాను! ఇప్పుడే ఎగురుతాను!”

వరస ఎద్దు వెనకనుంచి తుమ్మమొద్దుకి పారింది. తాటిమొద్దు దగ్గర కామేశం ఒంటరిగా మిగిలాడు. పదిహేను పదిహేను అని గుర్నాథంతో కలిసి పాడిన పాట మరిచిపోయాడు. శేషాచలం అప్పటికే అటు చేరాడు. “వాటా పోతోంది గురూ! పన్నెండు అను!”

“పన్నెండు!”

“పదమూడు!” ఇటునుంచి గుర్నాథం.

“పద్నాలుగు! పైగా నాది కిటికీ సీటు!”

“పదిహేను! తోకలు ఉచితం!”

పాపం శేషాచలం అటు పరిగెత్తాడు, ఇటు పరిగెత్తాడు. నాలిక బయటపడింది. ఏ మొద్దు దగ్గరున్నాడో తెలియని స్థితికి వచ్చాడు. ఇరవై ఏడు దగ్గర గుర్నాథం చెవిలో అన్నాడు: “తగ్గకు గురూ! ఆ సంచిమూతి గూడబాతు గాణ్ణి తొక్కెయ్!”

“నేనే గూడబాతుని,” అన్నాడు గుర్నాథం.

కామేశం మెడ సాచి చూశాడు. “నక్కా, నువ్వు నా మనిషివి కదూ?”

“నా మనిషి!” అన్నాడు గుర్నాథం.

శేషాచలం మూడో మాట కోసం ఆగలేదు. రెండు ముక్కులూ తోకమీద పడుతుంటే ఈతపొదల్లో దూరాడు. కాని అప్పటికే ఆలస్యమైంది. అరిచిన రేటు అరిచినట్టే ఉంది, నలభై జతల చెవులు విన్నాయి, ఎవడు తగ్గినా వాడి మొద్దు రెండోవాడిది. పక్షులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, పళ్లు లేవు గాని ఉంటే కొరుక్కునేవాళ్లు, ఎగరడం మొదలుపెట్టారు.

మొదటి సంచిలో మూతి దగ్గర సీటు మంగాయమ్మది.

నది మధ్యలో కాయం ఘాటుకి గుర్నాథానికి తుమ్మొచ్చింది. “అబ్బా! ఆ చిప్ప కాస్త మూసుకో అమ్మా, కళ్లు మండుతున్నాయి.”

“మూస్తాలే నాయనా. తుమ్మకు, ఇందులో ఆరుగురం ఉన్నాం. నాకు నువ్వివ్వాల్సింది ఇరవై ఏడు, గుర్తుందిగా?”

గట్టు మీద వియ్యపురాలు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. “వచ్చారా వదినగారూ! శొంఠి పండించి తెస్తున్నారేమో, పై కాన్పుకి అందుతుందిలే అనుకున్నాం.”

“ఊరుకో వదినా, ఆకాశం మీదుగా తెచ్చాను,” అని మంగాయమ్మ ఆమెను దాటుకుని బొరియలోకి దూరింది. కనకం గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన గోరంత పిల్లలు నాలుగు. తల్లి చిటికెనవేలంత ముద్ద తీసి నోట్లో పెట్టింది. కనకం చప్పరించింది, ఘాటుకి కళ్లలో నీళ్లు తిరిగాయి, “అమ్మా, మిరియాలు ఎక్కువేశావు,” అంది. తొమ్మిది రోజుల తర్వాత పిల్ల తిండికి వంక పెట్టింది. మంగాయమ్మ అక్కడే కూలబడి నవ్వింది.

సాయంత్రానికి నలభై ప్రాణులూ గట్టు చేరాయి. చేసుకున్న పుణ్యానికి ముళ్లపంది కామేశం ఊయలలో వెళ్లింది; ఊయలకి ఇప్పుడు నిజంగానే చుట్టూ కిటికీలు. వానాకాలమంతా కూడబెట్టిన రొయ్యల మడుగులు రెండూ ఎండిపోయాయి. రెక్కలు వాలిపోయి, గొంతులు బొంగురుపోయి, తుమ్మమొద్దు మీద గుర్నాథం, తాటిమొద్దు మీద కామేశం రెంటికీ చెడ్డ రేవళ్లలా కూర్చున్నారు. ఆ రాత చెరిపేద్దామని చూస్తే, చెక్కించింది లోతుగా చెక్కించారు. పోలయ్య ఒక్క రొయ్య ఇచ్చింది లేదు, ఒక్క అంగుళం ఎగిరింది లేదు. గడ్డి నెమరేస్తున్నాడు.

నీతి: అమ్మడమే పని అనుకున్నవాడి ఆకాశాన్ని రెక్కల్లేనివాడైనా అమ్మేయగలడు.

ఇక ఒక్క ప్రశ్న మిగిలింది, అది గూడబాతుకీ కొంగకీ కాదు. కచేరీ దస్త్రంలో పోలయ్య ఎద్దు ఈ రోజుకీ ఎగిరే కంపెనీయే. రెక్కలు చూడకుండా ఎద్దుకి ముద్ర కొట్టిన కాలు, సంచి చూడకుండా గూడబాతు నలభై టికెట్ల కంపెనీకి ముద్ర కొట్టిన కాలు, ఒకే కాలు. ఆ కాలు ఎవరి కోసం పనిచేస్తున్నదో నెమలిగారు పింఛం దించి, లంక మొత్తం ముందు నిలబడి చెప్పాలి. గడువు ఆశ్వయుజ శుద్ధ పౌర్ణమి.