గవరమ్మ సరేనంది

అదెప్పటి మాటో మా అవ్వల అవ్వలకే సరిగా తెలియదు. గోదావరి పాయల నడుమ ముళ్లలంక అని ఒక ఊరుండేది. పాయకు అవతల గట్టున గవరమ్మ బాతులు మేపుకుంటూ బతికేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. పక్క గుడిసెలో తోడికోడలు సన్యాసమ్మ ఉండేది.

ఒకనాడు రాజుగారు దండోరా వేయించారు. ప్రతి ఊరి పంచాయితీలో ఒక ఆడమనిషి కూర్చోవాలి. ఆమె ఒప్పుకోని తీర్పు చెల్లదు.

పెద్దలు తలలు పట్టుకున్నారు. "ఆ బాతుల ముసలిదాని పేరు చెప్పేయండి. అడిగేవాళ్లెవరూ లేరు దానికి" అన్నాడు ఊరిపెద్ద వీర్రాజు.

తన పేరు చెప్పారని విన్న గవరమ్మ మాత్రం అది నిజమనుకుంది. ఉతికిన చీర కట్టుకుని, పాయ దాటి పంచాయితీ జరిగే రచ్చకు వెళ్లింది. "ఇవాళ చాప వేయలేదు, పో" అన్నారు. మళ్లీ వెళ్లింది. "ఇవాళ మగాళ్ల సంగతులు, పో" అన్నారు. మూడోసారీ వెళ్లింది. "కబురు పెడతాం, పో" అన్నారు.

వెళ్లినప్పుడల్లా తిరిగొచ్చి, "ఇవాళ కాదటే సన్యాసీ" అని చీర మడతపెట్టుకునేది.

రాజుగారి మనిషి వచ్చి, "ఆడమనిషి ఏమంది?" అని అడిగేవాడు. "గవరమ్మ సరేనంది" అనేవాడు వీర్రాజు. ఊరి మేతబీడు వీర్రాజు బావమరిది పాలైంది. గవరమ్మ సరేనంది. దిక్కులేని ఆడవాళ్లకు ఇచ్చే గింజలు ఆగిపోయాయి. గవరమ్మ సరేనంది.

ఆ ఏడు వరదకు పాయ పొంగింది. పడవ కదల్లేదు. గవరమ్మ జ్వరంతో పడుకుని ఇక లేవలేదు. గట్టు మీదున్న ఆడవాళ్లే ఆమెను మట్టిచేశారు. నీళ్లు తీశాక సన్యాసమ్మ ఆ కబురు మోసుకుని వీర్రాజు గుమ్మానికి వెళ్లింది. "అయ్యగారు భోంచేస్తున్నారు, తర్వాత రా" అన్నాడు పాలేరు.

నెల దాటాక రచ్చ కూడింది. ఆడవాళ్లు నీళ్లు తెచ్చుకునే రేవును చేపల బేరగాడికి కట్టబెడతారట. ఆడవాళ్లంతా వచ్చి ఓ పక్కన నిలబడ్డారు. ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారని, వీర్రాజు ముందుగా గవరమ్మ చావు సంగతి చెబుతాడనుకుంది సన్యాసమ్మ.

"ఆడమనిషి ఏమంది?" అన్నాడు రాజుగారి మనిషి.

"నిన్న పొద్దున నేనే వెళ్లి అడిగాను. గవరమ్మ సరేనంది."

తప్పు విన్నానేమో అనుకుంది సన్యాసమ్మ. పక్కవాళ్ల మొహాలు చూసింది. అందరూ విన్నారు.

"అక్క ఎక్కడ కనబడింది బాబూ?" అంది మెల్లగా.

"అరుగు మీద. బాతులకు తవుడు చల్లుతోంది."

"ఒంట్లో బాగుందా?"

"దానికేం, దుక్కలా ఉంది."

"మీతో మాట్లాడిందా?"

"మాట్లాడకపోతే నేనెట్లా చెబుతున్నాను?"

ఆ మనిషి అబద్ధమాడుతున్నాడని సన్యాసమ్మకు తెలుస్తూనే ఉంది. ఆమెకు మింగుడుపడనిది అది కాదు. గవరమ్మ పోయిందన్న సంగతే అతనికి తెలియదు.

"బాబూ, అక్కను మట్టిచేసి నెల దాటింది" అంది.

వీర్రాజు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. రాజుగారి మనిషి అతని వైపు తిరిగి, "మరి ఆ వెనకటి రెండు తీర్పుల మాటేమిటి?" అన్నాడు. వీర్రాజు తల వంచేశాడు. రాజుగారి మనిషి మూడూ కొట్టేశాడు. సన్యాసమ్మను పిలిచి చాప మీద కూర్చోమన్నాడు. ఆమె వెళ్లి కూర్చుంది.

ఆ లంకల్లో ఇప్పటికీ పంచాయితీ మొదలవ్వాలంటే ఆడమనిషి వచ్చి, "నేనున్నాను" అని పదిమందికీ వినబడేలా చెప్పాలి. మగవాడెవడైనా "మా ఆవిడ సరేనంది" అంటే, వింటున్న ఆడవాళ్లు ఒకటే అడుగుతారు: "మనిషి బతికుందా?"