నూకయ్య కట్టించిన తెర

జమీందారు జగ్గరాయుడి పేకాటలో చేతికి రెండు ముక్కలే ఇస్తారు. ఇంకో ఐదు నడుమ అందరికీ కనబడేలా పరుస్తారు. ఏడింట్లో ఎవరికి మంచి ఐదు కుదిరితే వారిదే గెలుపు. ఒకడు పందెం పెంచితే రెండోవాడు సరిపందెం ఒడ్డాలి, లేదా ముక్కలు పడేసి ఓడిపోవాలి. దొర ముక్కలకన్నా ఎదుటివాడి మొహమే ఎక్కువ చూసేవాడు. రేవులో పడవ నడిపే పోలయ్య పడవను అలాగే గెలుచుకున్నాడు. పోలయ్య సిగ్గుతో ఊరొదిలి పోయాడు.

ఏడాది తర్వాత అతని తమ్ముడు నూకయ్య తెడ్డు భుజాన వేసుకుని వచ్చాడు.

"ఆ పడవకి నా ఇల్లు ఒడ్డుతాను దొరా. పందెం పెంచదలిస్తే నా తలపాగా నెడతాను. అంటే బతికినన్నాళ్ళూ తమకి ఊడిగం చేస్తాను. దానికి సరిపందెంగా తమరు రేవు ఒడ్డాలి. తమరి ఎదురుగా కూర్చునేపాటి వాణ్ణి కాను, మధ్యన తెర కట్టించండి."

ఆ వినయానికి దొర ఉబ్బిపోయి కట్టించాడు.

ఐదో ముక్క పడగానే తెర కిందనుంచి తెడ్డు కొస నెట్టగా తలపాగా ఇవతలికి వచ్చింది. దొర చెవులు రిక్కించాడు. చప్పుడు లేదు. ఇంత ధీమా ఊరికే రాదనుకుని ముక్కలు పడేశాడు.

తర్వాత ఆగలేక తెర ఎత్తాడు. నూకయ్య చెమటతో తడిసి వణికిపోతున్నాడు. అతని రెండు ముక్కలూ దేనికీ పనికిరానివే.

"ఇంత వణికావా" అన్నాడు దొర.

"మా అన్నా ఇంతే వణికాడు దొరా. ఆ రోజు తెర లేదు."

పడవ తిరిగొచ్చింది, పోలయ్య రాలేదు. అవతలి గట్టునుంచి ఎవరు కేకేసినా నూకయ్య ముందు అన్నేమోనని మొహం చూసేవాడు. కాదని తెలిశాక మెల్లగా తెడ్డు వేసేవాడు.