మధ్యాహ్నానికి వచ్చేస్తానన్న రాజు

తౌడు రాజవేషం కట్టి తెర వెనకనుంచి బయటికొచ్చాడంటే చాలు, జనానికి నిద్ర ముంచుకొచ్చేది. మద్దెల వాయించేవాణ్ణి నేనే కాబట్టి ఆ ఆవలింతలన్నీ ఎదురుగా కూచుని లెక్కపెట్టేవాణ్ణి.

మాది వీధిభాగోతం మేళం. ఏటేటా పంటలు ఇంటికొచ్చాక ఏటొడ్డున ఉన్న ఆ ఊరివాళ్ళు మాచేత రెండు పొద్దులు ఒకటే కథ ఆడిస్తారు. వీరకంప మహారాజు వేటకని పడవెక్కి ఏరు దాటతాడు. అవతల గట్టున పొంచి ఉన్న శత్రువు బాణానికి కూలిపోతాడు. ఆ ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా ఈ కథ తెలుసు.

మొదటి పొద్దు ఆట అయ్యాక ఊరిపెద్ద లచ్చుంనాయుడు మా గురువు దాలయ్యగారి దగ్గరికొచ్చాడు. "ఏటయ్యా, మీ రాజు ఏలడానికొచ్చాడా, చావడానికొచ్చాడా? వచ్చిన కాడినుంచీ ఏడుపే. రేపు ఆ వేషం ఇంకొకడికి కట్టించు" అని మొహమ్మీదే చెప్పి వెళ్ళిపోయాడు.

పాపం తౌడు! ఆ కిరీటం కోసం ఏళ్ళ తరబడి తెర పట్టాడు, దివిటీ మోశాడు. తెల్లారేసరికి కళ్ళు వాచిపోయి గురువుగారి ముందు కూలబడ్డాడు.

"నా తప్పేటుంది గురువుగారూ? రాజు చస్తాడని కథలోనే ఉంది. ఎటు తిరిగినా ఆ బాణం తప్పదు. బలికి కట్టేసిన మేకలాంటివాణ్ణి నవ్వుతూ ఎలా ఆడమంటారు?"

గురువుగారు చుట్ట పక్కన పెట్టారు. "నిజమేరా. అయితే నువ్వు పడవవాడివి, నేను రాజుని. సూరీ, మద్దెల తియ్యి" అన్నారు నాతో.

ఆయనకి మోకాళ్ళ నొప్పులు. పంచె ఎగ్గట్టి, తువ్వాలు తలకి చుట్టి లేచారు. ఇక చూడాలి ఆ గంతులు! ఆ మోకాళ్ళు ఎవరివో ఏమో! రాణివేషం కట్టే గౌరయ్య పొయ్యి దగ్గర గంజి వారుస్తుంటే వెళ్ళి వాడి గడ్డం పుచ్చుకున్నారు.

"ఏం వండుతున్నావు రాణీ?"

గౌరయ్య మెలికలు తిరిగిపోయాడు. "పనసపొట్టు కూర ప్రభూ."

"ఆవ పెట్టావా?"

"పెట్టాను ప్రభూ."

"అడుగంటింది నాకుంచు. మధ్యాహ్నానికి వచ్చేస్తాను."

నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చారు. "ఎవరికీ పెట్టెయ్యకు సుమా!"

ఇదంతా కథలో ఎక్కడా లేదు. మేమంతా పకపకా నవ్వాం. రాజుగారు పాట అందుకుని తౌడు ముందుకొచ్చి నిలబడ్డారు. అక్కడ పడవవాడు "ఎక్కండి మహారాజా" అనాలి. నేను మద్దెల మీద దెబ్బ వేశాను. మళ్ళీ వేశాను.

తౌడు చేతిలోని వెదురుగడ అడ్డంపెట్టేశాడు. "వద్దు మహారాజా! ఇవాళ ఏరు బాగులేదు. ఇంటికెళ్ళిపోండి!"

గౌరయ్య నవ్వాపుకోలేక గంజి ఒలకబోసుకున్నాడు. గురువుగారు మాత్రం నవ్వలేదు.

"కథ నీకు తెలీదేటిరా? ఎందుకాపేశావు?"

"మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు కదా గురువుగారూ..." తౌడు గడ ఇంకా అడ్డం తియ్యలేదు.

"వచ్చేద్దామనే కదరా వెళ్తున్నాడు" అన్నారాయన. తలకున్న తువ్వాలు విప్పి తౌడు తలకి చుట్టేసి, చుట్ట వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఆ సందెవేళ నాయుడు మొహం చిట్లించినా గురువుగారు వినలేదు, వేషం తౌడుకే కట్టించారు.

ఏం చెప్పను! తౌడు రాణితో సరసాలాడాడు, గుర్రం మీద అలిగాడు, ఊరందరినీ నవ్వించాడు. పాడుకుంటూ పడవలో కాలు పెట్టబోయేసరికి ఆడవాళ్ళ వైపునుంచి కేక వచ్చింది.

"ఎక్కకు నాయనా! అవతల ఉన్నాడు వాడు!"

జనమంతా లేచి నిలబడ్డారు. అందరికన్నా ముందు లేచినవాడు లచ్చుంనాయుడు. "రాజా, ఎనక్కొచ్చీరా!" అని చేతులూపేస్తున్నాడు.

రాజు రొమ్ము విరుచుకుని పడవెక్కాడు. బాణం తగిలింది. ఊరు ఊరంతా అయ్యయ్యో అని ఏడ్చింది. మద్దెల వాయించాల్సిన నేను కూడా కళ్ళు తుడుచుకుంటున్నాను.

గురువుగారు తెర పట్టుకుని పరుగున వచ్చి శవానికి అడ్డం నిలబడ్డారు. చచ్చిపడున్న రాజుగారి మూతి చెవులదాకా సాగిపోతోంది మరి.

"నవ్వాపుకోరా వెధవా, చచ్చిపోయావు" అన్నారు, తన నవ్వు తను ఆపుకోలేక.