నూకాలు వెయ్యని పిక్క

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మన అవ్వల అవ్వలు పారాడే కాలంలో, వాగు పక్కన ఒక ఊరు. అందులో మెరక వీధి ఒకటి, పల్లపు వీధి ఒకటి. పల్లపు వీధి చివరి గుడిసెలో నూకాలు ముసలి అత్తతో ఉంటూ చాపలు అల్లుకుని బతికేది.

ఆ ఊళ్లో ఏ సంగతి తేల్చాలన్నా రచ్చ దగ్గర రెండు కుండలు పెట్టేవారు. ఇంటికో చింతపిక్క. ఎవరికి నచ్చిన కుండలో వాళ్లు వేసేవారు. పిక్కలు సమానమైతే ఊరిపెద్ద మాట చెల్లేది.

మొదట, నుయ్యి ఎక్కడ తవ్వాలని అడిగారు. నూకాలు వేసింది. నుయ్యి మెరక వీధికి పోయింది. తర్వాత, బాట ఎటు వెయ్యాలని అడిగారు. నూకాలు వేసింది. బాటా మెరక వీధికే పోయింది. మోసమేమీ లేదు. వాళ్ల ఇళ్లు ఎక్కువ, అంతే. మోసమైతే తిట్టుకునైనా ఊరుకునేది పాపం.

మూడోసారి అడిగింది ప్రాణాల మాట. వాగు పొంగితే గట్టు ఎటు తెంచాలి? పొలాల వైపు తెంచితే మెరకవాళ్ల పంట పోతుంది. గుడిసెల వైపు తెంచితే పల్లపు వీధే పోతుంది.

"ఒదినా, రా, పిక్కేసొద్దాం," అని పక్కింటి పైడమ్మ పిలిచింది.

"రెండుమాట్లు ఏసినాను. ఏటయింది? నా ఒక్క పిక్కకి ఏటవుద్ది? నువ్వెళ్లు," అంది నూకాలు. చాప ముందు నుంచి లేవలేదు.

పొద్దు వాలేసరికి పైడమ్మ ఏడుస్తూ వచ్చింది.

"సమానమైపోనాయి ఒదినా! మెరకోళ్లలోనే కొందరు మనకేసినారు. ఇంకొక్క పిక్కుంటే గెలిసీవోళ్లం. ఊరిపెద్ద మన ఏపే తెంచమన్నాడు."

మెరక వీధిలోనూ మనసున్నవాళ్లు ఉంటారని నూకాలు అనుకోనే లేదు. ఒక చింతపిక్క తీసి కొంగున ముడేసుకుంది.

"మళ్లీమాటు అందరికన్నా ముందు నానే ఏస్తాను," అంది.

ఆ ఏడే వాగు పొంగింది. గుడిసెల వైపు గట్టు తెంచారు. నూకాలు ఇంటింటికీ పరుగెత్తి పిల్లల్ని మిట్ట ఎక్కించింది. ముసలి అత్త కోసం మళ్లీ గుడిసెలోకి వెళ్లింది. ఇద్దరూ బయటికి రాలేదు.

నీళ్లు తీశాక నూకాలు దొరికింది. కొంగు ముడి ఊడలేదు. ముడిలో పిక్క అలాగే ఉంది. పైడమ్మ ఆ ముడి పట్టుకుని ఏడ్చిన ఏడుపు వినలేక మెరక వీధి తలుపులు మూసుకుంది.

ఆ తర్వాత కుండలకు మూత వేసే ముందు మూడుసార్లు కేకేసేవారు. "నూకాలు వచ్చిందా? నూకాలు వచ్చిందా? నూకాలు వచ్చిందా?" రాని ఇల్లు ఉంటే ఆగేవారు.

ఇప్పుడు కుండలు లేవు, ఓట్లు వచ్చాయి. పల్లపు వీధి ఆడవాళ్లు ఈనాటికీ కొంగున చింతపిక్క ముడేసుకునే ఓటుకి వెళతారు. "నా ఒక్క ఓటుకి ఏటవుద్ది" అని ఎవరైనా గుమ్మంలో కూలబడితే ముసలమ్మలు వాదించరు. ముడి విప్పి, పిక్క చేతిలో పెట్టి, "నూకాలూ ఇదే అన్నాది. లెగు తల్లీ," అంటారు.